వచ్చే వారం డ్యూటీ ఎప్పుడు? సూపర్ మార్కెట్ ఉద్యోగుల ఇంటి లెక్క

ఊరందరికీ సెలవున్న రోజునే సూపర్ మార్కెట్లో పని ఎక్కువ. ఆదివారం పొద్దున పదకొండింటికి బిల్లింగ్ కౌంటర్ల ముందు ట్రాలీలు బారులు తీరి ఉంటాయి. ఆ కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయికి వీక్లీ ఆఫ్ ఏ మంగళవారమో వస్తుంది. ఆ రోజు పిల్లలు బడికి పోతారు, భర్త పనికి పోతాడు. నానబెట్టిన బట్టలు ఉతికి, రేషన్ తెచ్చి, కాస్త నడుం వాల్చేసరికి సెలవు కాస్తా అయిపోతుంది. పండగలూ అంతే. సంక్రాంతి ముందు వారమంతా బెల్లం, నువ్వులు, నెయ్యి స్కాన్ చేసి చేసి, భోగి నాటి రాత్రి ఇంటికి చేరేసరికి అరిసెలు వండే ఓపిక ఎక్కడ ఉంటుంది? పక్కింటివాళ్లు పెట్టినవే గతి.

ఉద్యోగుల కుటుంబానికి మేలు చేసే సదుపాయాలు అనగానే ప్రసూతి సెలవు, హెల్త్ ఇన్సూరెన్స్, పిల్లల చదువుకు సాయం గుర్తొస్తాయి. అవన్నీ కావాల్సినవే. అయితే ఆఫీసు ఉద్యోగానికీ స్టోర్ ఉద్యోగానికీ ఒక పెద్ద తేడా ఉంది. ఆఫీసులో పనిచేసేవారి ఇల్లు, పిల్లల బడి, బ్యాంకు, ఆస్పత్రి ఓపీ అన్నీ దాదాపు ఒకే గడియారం మీద నడుస్తాయి. స్టోర్ ఉద్యోగి గడియారం వేరు. అందుకే ఈ రంగంలో జనం మానేయకుండా నిలబెట్టుకున్న కంపెనీల పద్ధతులు చూస్తే, అన్నిటికన్నా ముందు సరిచేసుకున్నది ఆ గడియారాన్నే అని తెలుస్తుంది. దీనిపై ఎక్కువ ప్రయోగాలు, ఎక్కువ గొడవలు జరిగింది అమెరికాలో. కాబట్టి ముందు అక్కడి సంగతి.

ఫ్లోరిడాలో 1930లో మొదలైన సూపర్ మార్కెట్ చైన్ పబ్లిక్స్ ఈస్టర్, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ రోజుల్లో స్టోర్లు మూసేస్తుంది. కాస్ట్‌కో ఏడాదికి ఏడు పండగలకు అమెరికాలోని గోడౌన్ స్టోర్లన్నిటికీ తాళం వేస్తుంది. పైగా ఆదివారం పనిచేసిన గంటలవారీ ఉద్యోగులకు అక్కడ ఒకటిన్నర రెట్లు జీతం. స్పెయిన్‌లోని అతిపెద్ద సూపర్ మార్కెట్ గొలుసు మెర్కడోనా మామూలుగా ఆదివారాలు తెరవదు. జర్మనీలో ఈ తలనొప్పిని కంపెనీలకు వదలకుండా చట్టమే తీర్చింది, ఆదివారం దుకాణాలు చాలావరకు మూతే. పండగ రోజు తెరిస్తే వచ్చే బేరం తక్కువేమీ కాదు. అది పోయినా ఫర్వాలేదు అనుకోవడంలో మంచితనంతో పాటు లెక్క కూడా ఉంది. పండగ రోజు తెరిచిన స్టోర్‌కి వచ్చే లాభం ఆ రోజు బిల్లుల్లోనే కనిపిస్తుంది. ఆ రోజు డ్యూటీకి పిలిచినందుకు విసిగి మానేసిన పాత క్యాషియర్ వల్ల వచ్చే నష్టం మాత్రం ఏ బిల్లులోనూ కనిపించదు.

ఆ నష్టం ఎంత ఉంటుందో ఒక చిన్న విషయంలో చూడొచ్చు. అమెరికా స్టోర్లలో కూరగాయలకూ పండ్లకూ పీఎల్‌యూ నంబర్లు, అంటే బిల్లింగ్‌లో కొట్టే సరుకు నంబర్లు ఉంటాయి. అరటిపండు 4011. అదే ఆర్గానిక్ అయితే ముందు 9 చేరి 94011 అవుతుంది. రెండేళ్లు పనిచేసిన క్యాషియర్ చేతివేళ్లకు ఇవి అలవాటైపోతాయి, కళ్లు కస్టమర్ మీద ఉండగానే నంబర్ పడిపోతుంది. కొత్తగా చేరినవారు కొత్తిమీర కట్ట పట్టుకుని, ఇది కొత్తిమీరా పార్స్‌లీనా అని అటూ ఇటూ తిప్పి, పట్టిక వెతికి, చివరికి పక్క కౌంటర్‌లోని మనిషిని అడుగుతారు. వెనక క్యూలో పదిమంది. మన స్టోర్లలోనూ ఇదే తంతు. సోనా మసూరికీ హెచ్‌ఎంటీకీ తేడా తెలియని కుర్రాడు బియ్యం సెక్షన్‌లో నిలబడితే కస్టమర్ మొహం చూడాలి. పాత మనిషి పోయి కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తే రెండు రోజులు సెలవు దొరకని మనిషి చేసే మొదటి పని ఉద్యోగం మానేయడమే. దుకాణాల ఉద్యోగాల్లో మానేయడం తేలిక, మళ్లీ ఇంకోచోట చేరడం అంతకన్నా తేలిక.

ఇక అసలు చిక్కు షిఫ్టులది. గత ఇరవయ్యేళ్లలో పెద్ద స్టోర్లకు షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. పోయిన ఏడాది ఇదే వారం అమ్మకాలు ఎంత, వాతావరణం ఎలా ఉండబోతోంది, పక్కన ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందా అన్నవి చూసుకుని ఏ గంటకు ఎంతమంది కావాలో అవి లెక్కకడతాయి. జనం రాకపోతే మధ్యలోనే ఇంటికి పొమ్మంటారు, ఎక్కువొస్తే ఫోన్ చేసి రమ్మంటారు. కంపెనీకి గంటకు ఇంతని మిగులుతుంది. కానీ రేపు డ్యూటీ ఎన్నింటికో ఇవాళ సాయంత్రం తెలిసే తల్లి, బిడ్డను ఎవరి దగ్గర వదలాలో ఎప్పుడు చూసుకుంటుంది? రాత్రి స్టోర్ మూసి ఇంటికెళ్లి, మళ్లీ తెల్లవారుజామున వచ్చి అదే స్టోర్ తెరవాల్సిన డ్యూటీలూ పడేవి. అక్కడి ఉద్యోగులు దీనికి ‘క్లోపెనింగ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. హార్వర్డ్‌లో నడుస్తున్న షిఫ్ట్ ప్రాజెక్ట్ అనే పరిశోధన వేలాదిమంది రిటైల్, ఫుడ్ ఉద్యోగులను అడిగి తేల్చింది ఏమిటంటే, ఇలా నిలకడ లేని డ్యూటీలున్నవారికి నిద్ర సరిగ్గా ఉండదు, టెన్షన్ ఎక్కువ, దాని సెగ పిల్లలకు కూడా తగులుతుంది.

దీనిమీద మొదట కదిలింది ఊళ్లే. శాన్‌ఫ్రాన్సిస్కో 2014లో పెద్ద చైన్ స్టోర్లన్నీ రెండు వారాల ముందే షెడ్యూల్ చెప్పాలని నగర చట్టం తెచ్చింది. సియాటిల్ 2017 జులై నుంచి 14 రోజుల ముందు నోటీసు, మూసిన షిఫ్టుకూ తెరిచే షిఫ్టుకూ మధ్య 10 గంటల విరామం పెట్టింది. ఒరెగాన్ రాష్ట్రం ఇలాంటి చట్టాన్నే రాష్ట్రమంతటికీ తెచ్చింది. కనీసం 500 మంది ఉద్యోగులున్న రిటైల్, హోటల్, ఫుడ్ కంపెనీలు 2018లో వారం ముందు, 2020 నుంచి రెండు వారాల ముందు డ్యూటీ చార్టు ఇవ్వాలి. స్టోర్ల వాళ్లు మొదట గగ్గోలు పెట్టారు, వ్యాపారం ఎలా నడుస్తుందని.

ఆ భయం ఎంతవరకు నిజమో చూడ్డానికి ఒక మంచి ప్రయోగం ఉంది. కిరాణా కాదు, బట్టల కంపెనీది. గ్యాప్ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లోని తన స్టోర్లలో కొన్నిటికి నిలకడైన షిఫ్టులు పెట్టి, మిగతావి పాత పద్ధతిలోనే ఉంచి, పరిశోధకులతో పోల్చి చూపించుకుంది. 2018లో ఫలితాలు వచ్చాయి. షిఫ్టులు నిలకడగా ఉన్న స్టోర్లలో అమ్మకాలు సుమారు 7 శాతం పెరిగాయి, ఒక్కో పనిగంటకు అమ్మకం 5 శాతం పెరిగింది. ఎవరు ఎప్పుడు వస్తారో తెలిస్తే పాత చేతులు రద్దీ సమయంలో ఫ్లోర్ మీద ఉంటాయి. అమ్మకాలు పెరగడానికి అది చాలు. ఆ ప్రయోగంలో తేలిన ఇంకో సంగతి స్టోర్ మేనేజర్లకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. షిఫ్టులు అటూ ఇటూ కావడానికి కారణం కస్టమర్లేనని అందరూ అనుకుంటారు. తీరా చూస్తే చాలావరకు కారణం హెడ్డాఫీసే. చివరి నిమిషంలో మారే ఆఫర్లు, ఒక రోజు అటూ ఇటూగా దిగే సరుకు లారీలు, ముందస్తు కబురు లేని పెద్దసార్ల తనిఖీలు.

అంటే షిఫ్టులు నిలకడగా ఉండాలంటే ముందు వ్యాపారం నిలకడగా ఉండాలి. ఈ ముక్క అర్థమైన కంపెనీలే ఉద్యోగుల ఇళ్లను కూడా బాగా చూసుకోగలిగాయి. అమెరికాలో మామూలు సూపర్ మార్కెట్లో 30 వేలకు పైగా రకాల సరుకులుంటే, కాస్ట్‌కోలో ఉండేవి సుమారు 4 వేలే. సరుకు తక్కువ రకాలైతే ఒకే మనిషికి అన్ని పనులూ వస్తాయి. బిల్లింగ్ చేసే అమ్మాయి రేపు రాకపోతే స్టాక్ సర్దే అబ్బాయి ఆ కౌంటర్‌లో నిలబడగలడు. సెలవు అడగడానికి ఇద్దరికీ భయముండదు. మెర్కడోనా 1993లో వారంవారం ఆఫర్లు పెట్టే పద్ధతికి స్వస్తి చెప్పి, ఏడాది పొడుగునా ఒకేలా తక్కువ ధర అనే దారికి మళ్లింది. ఆఫర్ లేకపోతే ఆఫర్ రోజు తొక్కిసలాట ఉండదు, ఆ రోజు కోసం అందరి సెలవులూ రద్దు చేసే పని ఉండదు. కుటుంబానికి మేలు చేసే సదుపాయాల జాబితాలో ‘ఆఫర్లు తగ్గించడం’ అని ఎవరూ రాయరు. రాయాల్సింది.

మన దగ్గర ఆగస్టు 15, జనవరి 26 సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. బిగ్ బజార్ 2006లో రిపబ్లిక్ డేకి ‘సబ్‌సే సస్తా దిన్’ మొదలుపెట్టాక, జాతీయ సెలవు అంటే సేల్ రోజు అనే అలవాటు దేశమంతా పాకింది. జెండా పండగ నాడు బడిలో పిల్లాడి డాన్సు చూడాల్సిన తండ్రి, ఆ పూట డిటర్జెంట్ ప్యాకెట్లు గుట్టలు పోస్తూ ఉంటాడు.

టైము తర్వాత డబ్బు. అమెరికాలో ఇది ఎక్కువగా హెల్త్ ఇన్సూరెన్స్ చుట్టూ తిరుగుతుంది. ఒబామా తెచ్చిన చట్టం ప్రకారం వారానికి 30 గంటలు పనిచేసేవారిని ఫుల్‌టైమ్‌గా లెక్కేసి, పెద్ద కంపెనీలు వాళ్లకు ఇన్సూరెన్స్ ఇవ్వాలి. 29 గంటలైతే అక్కర్లేదు. ఆ ఒక్క గంట చుట్టూ ఎన్ని డ్యూటీ చార్టులు అల్లుకుని ఉంటాయో ఊహించుకోవచ్చు. కాస్ట్‌కో పార్ట్‌టైమ్ వారికి కూడా ఇన్సూరెన్స్ ఇస్తూ వచ్చింది. మరో సూపర్ మార్కెట్ చైన్ హోల్ ఫుడ్స్ దాకా వచ్చేసరికి కథ ఎదురు తిరిగింది. 20 నుంచి 30 గంటల మధ్య పనిచేసేవారికి అప్పటిదాకా ఉన్న ఇన్సూరెన్స్‌ను 2020 జనవరి నుంచి తీసేసింది. సుమారు 1,900 మంది మీద ఆ దెబ్బ పడింది. అప్పటికి హోల్ ఫుడ్స్ అమెజాన్ చేతికొచ్చి రెండేళ్లు దాటింది. యజమాని ఇష్టంతో ఇచ్చిన సదుపాయం, యజమాని మారితే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఇన్సూరెన్స్ కోసమే 2003 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియాలో సూపర్ మార్కెట్ ఉద్యోగులు సమ్మెకు దిగారు. సుమారు 60 వేల మంది, మూడు పెద్ద చైన్లు, నాలుగున్నర నెలలకు పైగా. చివరికి కుదిరిన ఒప్పందం అంత గొప్పదేమీ కాదు. పాతవారికి ఒక రకం, కొత్తగా చేరేవారికి అంతకన్నా తక్కువ జీతం, ఇన్సూరెన్స్‌కు ఎక్కువ కాలం ఎదురుచూపు. ఒకే కౌంటర్లో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికి రెండు రకాల బతుకు. 2007లో మళ్లీ ఒప్పందం రాసుకున్నప్పుడు ఆ తేడాను తీసేయాల్సి వచ్చింది.

ప్రసూతి సెలవు విషయంలో అమెరికా చట్టం పేదది. 1993 నాటి చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది, జీతం లేకుండా. అదీ కనీసం 50 మంది ఉన్న కంపెనీలో ఏడాది పూర్తిచేసి, ఆ ఏడాదిలో 1,250 గంటలు పనిచేసినవారికే. పార్ట్‌టైమ్ క్యాషియర్లలో చాలామంది ఆ గంటల గీత దాటరు. ఈ ఖాళీలో కంపెనీలు తమకు తోచింది ఇస్తాయి. వాల్‌మార్ట్ 2018లో ఫుల్‌టైమ్ గంటలవారీ ఉద్యోగినులకు కాన్పుకు 10 వారాలు, ఆపైన తల్లికైనా తండ్రికైనా బిడ్డను చూసుకోవడానికి 6 వారాలు జీతంతో ఇవ్వడం మొదలుపెట్టింది. మరో పెద్ద చైన్ టార్గెట్ 2019లో ఇంకో అడుగు వేసి, బిడ్డను చూసే మనిషి ఉన్నట్టుండి రాకపోతే ఏడాదికి 20 రోజులు ప్రత్యామ్నాయం ఏర్పాటు చేసుకోవడానికి సాయాన్ని పార్ట్‌టైమ్ వారికి కూడా ఇచ్చింది. బ్రిటన్‌లో వెయిట్‌రోజ్ సూపర్ మార్కెట్లు నడిపే జాన్ లూయిస్ పార్ట్‌నర్‌షిప్ 2021లో తల్లికీ తండ్రికీ సమానంగా 26 వారాల సెలవు ప్రకటించింది. అందులో 14 వారాలు పూర్తి జీతం.

ఇక ఎక్కువకాలం ఉండేలా చేసే ఎర ఇంకోటి ఉంది. పిల్లల చదువు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 1916లో పుట్టిన సూపర్ మార్కెట్ చైన్ వెగ్‌మన్స్ 1984 నుంచి ఉద్యోగులకు కాలేజీ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. కౌంటర్లో సరుకులు సంచుల్లో సర్దే హైస్కూలు పిల్లలు కూడా అక్కడ ఉద్యోగులే కాబట్టి ఇది నేరుగా ఇంటికి అందే సాయం. ఫార్చ్యూన్ పత్రిక 2005లో పనిచేయడానికి అన్నిటికన్నా మంచి కంపెనీగా వెగ్‌మన్స్‌నే ఎంచింది. పబ్లిక్స్ అయితే ఏకంగా వాటాలిస్తుంది. ఏడాది నిండి, అందులో 1,000 గంటలు పనిచేస్తే కంపెనీ షేర్లు ఖాతాలో పడతాయి. ఆ షేర్లు బయట మార్కెట్లో దొరకవు. ముప్పై ఏళ్లు ఒకే స్టోర్‌లో పనిచేసి రిటైరైన మాంసం కోసే మనిషికి చేతిలో చెప్పుకోదగ్గ ఆస్తి ఉండడం అక్కడ వింత కాదు.

ఇప్పుడు మన వైపు. కాగితం మీద చూస్తే ఇండియా అమెరికా కన్నా చాలా ముందుంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 12 వారాల నుంచి 26 వారాలైంది, అదీ పూర్తి జీతంతో. సవరణ వచ్చినప్పుడు చిన్న చిన్న సూపర్ మార్కెట్ల యజమానులు అన్న మాట ఒకటే. ఆరు నెలలు కూర్చోబెట్టి జీతం ఇస్తే మేమెలా బతకాలి, ఇక పెళ్లైన ఆడపిల్లలను తీసుకోం. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. నెలకు 21 వేల లోపు జీతమున్న ఉద్యోగిని ఈఎస్‌ఐలో (ఉద్యోగుల రాజ్య బీమా పథకం) ఉంటే ఆ 26 వారాల జీతం కట్టేది యజమాని కాదు, ఈఎస్‌ఐ కార్పొరేషన్. స్టోర్ ఫ్లోర్ మీద పనిచేసేవారిలో ఎక్కువమంది జీతాలు ఆ గీత లోపలే ఉంటాయి. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం నెలనెలా కడుతూ ఉంటే చాలు. అంతకుముందు రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా ఉండాలి.

చిక్కంతా ఆ 70 రోజుల్లోనే. ఈఎస్‌ఐ నంబర్ చేయించకుండా ‘ముందు ఆరు నెలలు చూద్దాం’ అని పెట్టుకున్న అమ్మాయికి గానీ, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్తగా చేరినట్టు రాసిన అమ్మాయికి గానీ ఆ లెక్క కుదరకపోవచ్చు. అప్పుడు తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లేది సెలవు మీద కాదు, మానేసే. పురుడు పోసుకుని, బిడ్డకు ఐదో నెల వచ్చాక తిరిగొస్తే ఆ కౌంటర్లో ఇంకెవరో ఉంటారు. అదే ఈఎస్‌ఐ కార్డు సరిగ్గా ఉంటే భార్యాభర్తలు, పిల్లలే కాదు, మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకు కూడా హైదరాబాద్ సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రిలో వైద్యం అందుతుంది. క్యూ పెద్దదే, పొద్దున్నే వెళ్లి కూర్చోవాలి. అయినా నాన్న షుగర్ మందులకు నెలకు రెండు వేలు మిగలడం చిన్న విషయం కాదు.

నిజానికి మన ఊళ్లలో కుటుంబ సదుపాయం అనే మాట పుట్టకముందే ఒకటి ఉంది. కిరాణా కొట్టు అడ్వాన్స్. జూన్‌లో బడులు తెరిచే ముందు గుమాస్తా సేటు దగ్గరికి వెళ్లి పిల్లల ఫీజుకు పదివేలు అడుగుతాడు. గల్లాపెట్టెలోంచి తీసి ఇస్తాడు, వడ్డీ లేకుండా, నెలకింత కటింగ్ పెట్టి. కూతురి పెళ్లికి, తండ్రి ఆపరేషన్‌కీ అంతే. దసరాకి బట్టలు, పండగ సరుకు సరేసరి. చెయిన్ స్టోర్లు ఎన్ని హెచ్‌ఆర్ పాలసీలు రాసినా ఇంత త్వరగా డబ్బు చేతిలో పెట్టలేవు. కాకపోతే ఆ అడ్వాన్స్‌కు ఇంకో ముఖం ఉంది. అది తీరేదాకా కొట్టు మారడానికి లేదు. తీరేలోపు ఇంకో జూన్ వస్తుంది. పీఎఫ్ ఉండదు, వారానికొక సెలవు అన్న మాట కూడా సేటు మూడ్‌ను బట్టే. మంచి సేటు దొరికితే ఇంట్లో మనిషి, లేకపోతే ఇంటి పనులకు కూడా మనిషే.

పనిచేసే తల్లుల పిల్లలను చూసుకునే చోటు, అంటే క్రెష్ విషయానికొస్తే, 2017 సవరణ 50 మంది ఉన్న చోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ చెప్పింది. ఒక కాలనీ సూపర్ మార్కెట్ బ్రాంచిలో ముప్పై, నలభై మంది ఉంటే ఎక్కువ. ఆ గీత కింద ఉన్న తల్లులే ఎక్కువమంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడి క్రెష్ పెట్టుకోవచ్చని, మున్సిపాలిటీదో స్వచ్ఛంద సంస్థదో వాడుకోవచ్చని దారి చూపింది. ఒకే మాల్‌లో సూపర్ మార్కెట్, బట్టల షాపు, మొబైల్ షాపు, ఫుడ్ కోర్టు ఉన్నచోట ఇది తేలిగ్గా కుదిరే పని. నలుగురూ తలా కొంచెం వేసుకుంటే పై అంతస్తులో ఒక గది, ఇద్దరు ఆయాలు.

కేరళలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో చట్టం మారింది. తమిళనాడు 2021లో అదే బాట పట్టింది. ఏడో నెల గర్భంతో పది గంటలు నిలబడే మనిషికి 26 వారాల సెలవు కన్నా ముందు కావాల్సింది కుర్చీ. దానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు.

క్రెష్ పెట్టినా ఇంకో చిక్కు మిగులుతుంది, మళ్లీ గడియారంతోనే. మన అంగన్‌వాడీలు మధ్యాహ్నం దాటాక సాయంత్రం లోపే మూసేస్తారు. ప్రైవేటు క్రెష్‌లు చాలావరకు ఆరింటికి, మహా అయితే ఏడింటికి. సెకండ్ షిఫ్ట్ మొదలయ్యేది మధ్యాహ్నం ఒంటిగంటకు, స్టోర్ షట్టర్ దిగేది రాత్రి పదింటికి. క్యాష్ టాలీ చేసి బయటికొచ్చేసరికి పదిన్నర.